ఒక్క మెతుకు చాలదు
(విడుదల కాని బ్రౌజరును పరీక్షించడం ఎట్లా? ఎందుకు?)



మన హాస్టల్లో రోజూ జరిగే ఒక పనితో మొదలుపెడతాను. అన్నం గంట కొట్టకముందే వంటశాలలో ఎవరో ఒకరు కూర నోట్లో వేసుకుని చూస్తారు. ఒకరోజు వార్డెన్ సార్, ఒకరోజు డ్యూటీ టీచరు, వారితోపాటు మెస్ కమిటీలో ఉన్న మనవాళ్ళు ఇద్దరు. ఉప్పు సరిపోయిందా, పప్పు ఉడికిందా, అన్నంలో రాళ్ళున్నాయా అని చూసిన తర్వాతే మనకు వడ్డిస్తారు. తప్పు ఏదైనా ఉంటే అది అందరి పళ్ళేల్లోకి వెళ్ళకముందే దొరకాలి. అంతే దాని ఉద్దేశం.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా ఇట్లా రుచి చూసే పని ఒకటి ఉంది. విడుదల కాకముందే వాడి చూసి, తప్పులు పట్టి, చేసినవాళ్ళకు చెప్పడం. ఈ పని కంపెనీ లోపల కూర్చున్న ఇంజనీర్లే చేస్తారని నేను అనుకునేవాణ్ణి. కానీ ఓపెన్ సోర్స్ బ్రౌజరు అయితే ఎవరైనా చేయవచ్చు. మన కంప్యూటర్ సార్ సహాయంతో నేను కొన్ని నెలలుగా ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజరు మీద ఈ పని చేస్తున్నాను. అది ఎట్లా చేయాలో, నేను ఎక్కడ తప్పు చేశానో, మనలాంటివాళ్ళు ఎందుకు చేయాలో రాస్తున్నాను. వ్యాసం కొంచెం పొడుగైంది. నిలబడి చదవాలి కదా, అందుకే భాగాలు చేశాను. ఈ రోజు సగం, రేపు సగం చదివినా ఫరవాలేదు.

1. బ్రౌజరు, ఓపెన్ సోర్స్

ఇంటర్నెట్‌లోని పేజీలను తెచ్చి మన తెర మీద చూపించే ప్రోగ్రామే బ్రౌజరు. హాల్‌టికెట్ తీసుకున్నా, రిజల్ట్స్ చూసినా, స్కాలర్‌షిప్ ఫారం నింపినా దాని ద్వారానే. చాలామంది దాన్నే "ఇంటర్నెట్" అంటారు. కిటికీని చూసి ఊరు అన్నట్లు.

ప్రతి ప్రోగ్రాముకు వెనుక మనుషులు రాసిన రాత ఉంటుంది. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. చాలా కంపెనీలు దాన్ని బయటపెట్టవు. బయటపెట్టి, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు అని అనుమతి ఇస్తే దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు.

1990లలో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు చాలా పేరు పొందింది. తర్వాత పోటీలో వెనుకబడింది. ఆ కంపెనీ 1998 జనవరిలో "మా బ్రౌజరు సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చేస్తాం" అని ప్రకటించి, అదే ఏడాది మార్చి 31న ఇచ్చింది. అట్లా మొదలైనదే మొజిల్లా ప్రాజెక్టు. అందులోంచి 2002 సెప్టెంబరులో ఫీనిక్స్ అనే చిన్న బ్రౌజరు వచ్చింది. ఆ పేరు మీద వేరేవాళ్ళకు హక్కు ఉండటంతో 2003లో ఫైర్‌బర్డ్ అని మార్చారు. ఆ పేరుతో కూడా అప్పటికే వేరే ప్రాజెక్టు ఉంది. చివరికి 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ అయింది. 1.0 వెర్షన్ 2004 నవంబరు 9న విడుదలైంది. ఆ 1.0కు ముందు రెండేళ్ళపాటు సగం వండిన వెర్షన్లను వాడి, తప్పులు చెప్పినవాళ్ళు లోకమంతా ఉన్నారు. వాళ్ళు జీతగాళ్ళు కాదు, ఇష్టం కొద్దీ చేసినవాళ్ళు.

2. నైట్లీ, బీటా, విడుదల

ఫైర్‌ఫాక్స్ మన చేతికి రావడానికి ముందు రెండు మెట్లు దాటి వస్తుంది.

మొదటి మెట్టు నైట్లీ. అంటే రాత్రి రాత్రికి తయారయ్యేది. ఇంజనీర్లు చేసిన మార్పులన్నీ కలిపి ప్రతిరోజూ కొత్తగా తయారుచేస్తారు. ఈ రోజు బాగా నడిచింది రేపు ఆగిపోవచ్చు. పొయ్యి మీద ఇంకా ఉడుకుతున్న కూర అన్నమాట.

రెండో మెట్టు బీటా. ఇందులో కొత్త సంగతులు చేర్చడం ఆపి, ఉన్న తప్పులు సరిచేస్తారు. దించి మూత పెట్టిన కూర. వెబ్ పేజీలు తయారుచేసేవాళ్ళ కోసం డెవలపర్ ఎడిషన్ అని ఇంకొకటి ఉంది. అది కూడా బీటా మీద ఆధారపడేదే.

ఆ తర్వాతే విడుదల. అంటే వడ్డన.

పూర్వం ఒక పెద్ద వెర్షనుకు, ఇంకొకదానికి మధ్య ఏడాది పట్టేది. 2011 నుంచి ఆరు వారాలకు ఒకటి, 2020 నుంచి సుమారు నాలుగు వారాలకు ఒకటి అనే పద్ధతి పెట్టారు. అంటే ఒక మార్పు నైట్లీలో కొన్ని వారాలు, బీటాలో కొన్ని వారాలు ఉండి బయటికి వస్తుంది. తప్పు పట్టడానికి దొరికే సమయం అంతే.

మన దగ్గర ఉన్నది ఏ మెట్టుదో ఎట్లా తెలుస్తుంది? సహాయం మెనూలో "ఫైర్‌ఫాక్స్ గురించి" అని ఉంటుంది. అక్కడ వెర్షన్ నంబరు చివర "ఏ1" అని ఉంటే నైట్లీ, "బీ" అక్షరం ఉంటే బీటా, ఏ అక్షరమూ లేకపోతే విడుదలైనది.

ఒక తప్పు వడ్డనలోకి వెళ్తే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 విడుదలైనప్పుడు 24 గంటల్లో 80,02,530 సార్లు డౌన్‌లోడ్ అయి గిన్నిస్ రికార్డుకెక్కింది. అంత తొందరగా మంచి వెళ్ళగలిగితే, చెడు కూడా అంతే తొందరగా వెళ్తుంది.

3. ఒక్క మెతుకు ఎందుకు చాలదు?

"అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు" అని పెద్దలంటారు. అన్నం విషయంలో అది నిజమే. గిన్నె ఒకటే, నీళ్ళు ఒకటే, మంట ఒకటే. ఒక మెతుకు ఉడికితే పక్క మెతుకూ ఉడికినట్లే.

మరి మొజిల్లాలో ఇంజనీరు తన కంప్యూటరులో నడిపి చూస్తే చాలు కదా అని నేను కంప్యూటర్ సార్‌ను అడిగాను. సార్ నన్నే తిరిగి అడిగారు: "మన ల్యాబులో పాత కంప్యూటర్లు ఉన్నాయి. అమెరికాలో ఆయన దగ్గర ఉన్నది కొత్తది. ఒకరిది విండోస్, ఒకరిది లినక్స్. ఒకరి తెర పెద్దది, ఒకరిది చిన్నది. ఒకరు ఇంగ్లీషు పేజీ చదువుతారు, ఒకరు అరబ్బీ, ఒకరు తెలుగు. ఇది ఒక గిన్నెలో అన్నమా, వెయ్యి ఇళ్ళల్లో వెయ్యి పొయ్యిల మీద అన్నమా?"

అప్పుడు అర్థమైంది. బియ్యం ఒకటే గాని పొయ్యిలు వేరు. ఏ పొయ్యి మీద మాడుతుందో ఆ ఇంట్లో ఉన్నవాడికే తెలుస్తుంది.

మొజిల్లాలో యంత్రాల చేత చేయించే పరీక్షలు కూడా ఉన్నాయి. ఇంజనీరు చేసిన మార్పు మీద అవి వాటంతట అవే నడుస్తాయి. కానీ యంత్రం మనం చూడమన్నదే చూస్తుంది. చూడమని ఎవరికీ తోచని చోట తప్పు ఉంటే అది పట్టుకోలేదు.

దీనికి మన తెలుగుతోనే జరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. అది బ్రౌజరు కథ కాదు, ఫోను కథ. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లలో ఒక వింత కనబడింది. ఒక తెలుగు అక్షరం మెసేజిగా వస్తే, దాన్ని చూపించబోయిన ఆప్ టక్కున మూసుకుపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూసుకుపోయేది. ఆ అక్షరం "జ్ఞా". జ్ఞానం, విజ్ఞానం అని మనం రోజూ రాసేదే. అయితే మామూలుగా రాసినది కాదు. జ, దాని కింద ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం, ఈ వరుసలో వస్తేనే చిక్కు. ఆపిల్ కంపెనీ 2018 ఫిబ్రవరి 19న 11.2.6 అనే సవరణ ఇచ్చి దాన్ని బాగుచేసింది. అప్పటికే పరీక్షకు ఇచ్చిన 11.3 బీటాలో ఆ తప్పు లేదు.

ఇక్కడ నవ్వుకోవలసింది ఏమీ లేదు. అంత పెద్ద కంపెనీ ఫోను మన ఒక్క అక్షరానికి తట్టుకోలేకపోయింది. మన అక్షరాలు ఒకదాని కింద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి చేరి రూపం మార్చుకుంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లా వరుసగా పేర్చితే సరిపోదు. అన్ని కలయికలనూ వేరే భాషవాళ్ళు ఊహించి పరీక్షించడం కష్టం. మనం రోజూ చదువుతాం కాబట్టి మన కంటికి ఇట్టే తగులుతుంది.

4. నేను చేసిన తప్పు

ఇప్పుడు నా సంగతి చెబుతాను. దాచిపెడితే మీరూ అదే చేస్తారు.

నైట్లీ గురించి తెలిసిన మొదటి రోజు ఉత్సాహం ఆపుకోలేకపోయాను. సార్‌కు చెప్పకుండా ల్యాబులో కిటికీ పక్క కంప్యూటరులో దాన్ని ఎక్కించాను. "దీన్నే ముఖ్య బ్రౌజరుగా పెట్టమంటారా?" అని అది అడిగితే, సరిగా చదవకుండా అవును అని నొక్కాను. ఆ కంప్యూటరులోనే పదో తరగతి అన్నలు ఇంటర్ అడ్మిషన్ ఫారాలు నింపుకుంటున్నారు. ఆ సంగతి నాకు గుర్తే లేదు.

మర్నాడు ఒక అన్న వచ్చి తెరిచాడు. దాచుకున్న బుక్‌మార్కులు లేవు. పాస్‌వర్డు లేదు. సగం నింపిన ఫారం ఎక్కడుందో తెలియదు. ఆ రోజే చివరి తేదీ, సాయంత్రం ఐదు వరకే. "ఏం చేసినవ్ రా?" అని అన్న అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. కొట్టలేదు, తిట్టలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. వాళ్ళ ఊరి నుంచి ఆ కాలేజీకి వెళ్ళే మొదటివాడు తనే కావాలని అన్న ఏడాదంతా చదివాడు. భయంతో నేను నైట్లీని తీసివేయబోయాను. ఈలోగా సార్ వచ్చారు.

సార్ నా చెయ్యి పక్కకు తీసి, పాత ఫైర్‌ఫాక్స్ గుర్తు మీద నొక్కారు. అన్నీ అక్కడే ఉన్నాయి! బుక్‌మార్కులు, పాస్‌వర్డు, ఫారం, అన్నీ. నాలుగున్నరకు ఫారం వెళ్ళిపోయింది. అన్న ఊపిరి పీల్చుకున్నాడు. నేను వార్డెన్ సార్ ముందు నిలబడ్డాను. వారం రోజులు ల్యాబు ఊడ్చాను. అది న్యాయమే.

అసలు జరిగింది ఏమిటంటే, మన బుక్‌మార్కులు, పాస్‌వర్డులు అన్నీ ప్రొఫైల్ అనే ఒక సంచిలో ఉంటాయి. 2019లో వచ్చిన 67వ వెర్షను నుంచి నైట్లీకి వేరే సంచి, మామూలు ఫైర్‌ఫాక్స్‌కు వేరే సంచి. ఒకదాని సరుకు ఇంకొకదానిలో కనబడదు. పోలేదు, వేరే సంచిలో ఉంది. కొత్త వెర్షను వాడిన సంచిని పాత వెర్షనుకు ఇస్తే అది తీసుకోనంటుంది, లోపలి సరుకు పాడుకాకుండా.

అందుచేత మొదటి నియమం: పదిమందికి పనికి వచ్చే యంత్రం మీద పరీక్షలు చేయకూడదు. రుచి చూడటానికి చెంచాతో తీస్తాం గాని, గిన్నెలో చెయ్యి పెట్టం కదా.

ఇప్పుడు సార్ మూలన ఉన్న పాత కంప్యూటరు ఒకటి నాకు కేటాయించారు. దాని మీద "పరీక్షకు మాత్రమే" అని చీటీ అంటించాం.

5. తప్పును ఎట్లా చెప్పాలి?

ప్రోగ్రాములో తప్పును "బగ్" అంటారు. అంటే పురుగు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే పెద్ద కంప్యూటరు రిలేలో నిజంగానే ఒక రెక్కల పురుగు దొరికింది. దాన్ని రిజిస్టరులో అంటించి పెట్టారు. ఆ మాట అంతకుముందు కూడా ఇంజనీర్లలో వాడుకలో ఉంది గాని, ఆ పురుగు వల్ల బాగా పేరు వచ్చింది.

మొజిల్లా వాళ్ళకు బగ్‌జిల్లా అని ఒక చిట్టా ఉంది. 1998 నుంచి నడుస్తోంది. ప్రతి తప్పుకు ఒక నంబరు ఇస్తారు. 2014లో ఆ నంబరు 10 లక్షలకు చేరింది. మనం ఆఫీసు రూములో పెట్టిన ఫిర్యాదుల పుస్తకం లాంటిదే. అయితే దాన్ని లోకమంతా చదవవచ్చు.

నా మొదటి ఫిర్యాదు ఇట్లా రాశాను: "తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి. దయచేసి వెంటనే బాగుచేయగలరు." అది కూడా ఇంగ్లీషులో, సార్ ఖాతా నుంచి. రెండు రోజులకు ప్రశ్నలు వచ్చాయి. ఏ పేజీలో? ఏ వెర్షను? ఏ ఆపరేటింగ్ సిస్టం? కొత్త ప్రొఫైల్‌లో కూడా అట్లాగే ఉందా? అప్పుడు మాకు యూనిట్ టెస్టులు. నేను జవాబు ఇవ్వలేదు. కొన్నాళ్ళకు "వివరాలు చాలవు" అని మూసివేశారు. నాకు కోపం వచ్చింది. నేను తప్పు చూపిస్తే నన్నే ప్రశ్నలు అడుగుతారా అని.

సార్ ఫిర్యాదుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. అందులో ఎవరో రాసిన మాట చూపించారు: "నీళ్ళు వస్తలేవు." సంతకం లేదు, తేదీ లేదు. "ప్లంబరు వచ్చి ఎక్కడికి పోవాలి?" అని అడిగారు. దాన్నే నా చేత తిరగ రాయించారు:

"రెండో అంతస్తు, ఎడమ వైపు చివరి నల్లా. సోమవారం నుంచి తెల్లవారుజామున 5 నుంచి 6 వరకు నీళ్ళు రావు. పక్కన ఉన్న మూడు నల్లాలు వస్తున్నాయి. 6 తర్వాత ఇది కూడా వస్తుంది."

ఇది చదివితే ప్లంబరు నేరుగా ఆ నల్లా దగ్గరికే పోతాడు. మొదటిది ఏడుపు, రెండోది సమాచారం. బగ్ ఫిర్యాదు కూడా అంతే. అందులో నాలుగు ఉండాలి:

అ) ఎక్కడ: వెర్షన్ నంబరు, తయారైన తేదీ, విండోసో లినక్సో, ఏ పేజీ. సహాయం మెనూలో ట్రబుల్‌షూటింగ్ సమాచారం అనే పేజీ ఉంటుంది. వీటిలో చాలావరకు అక్కడే దొరుకుతాయి.

ఆ) ఏ మెట్ల ద్వారా: మొదట ఏది తెరిచాను, తర్వాత ఏది నొక్కాను, ఏమి టైపు చేశాను. నంబర్లు వేసి రాయాలి. మన కంప్యూటరు ఎన్నడూ చూడనివాడు కూడా చదివి అదే చేయగలగాలి.

ఇ) జరగవలసింది ఏమిటి: ఇది చాలామంది వదిలేస్తారు. తెలుగు రానివాడికి "క్ష్మి" ఎట్లా కనబడాలో తెలియదు కదా. సరైన రూపం బొమ్మ కూడా పెట్టాలి.

ఈ) జరిగింది ఏమిటి: తెర ఫొటోతో సహా. ప్రతిసారీ జరుగుతుందా, పదిసార్లలో మూడుసార్లా, అది కూడా.

ఒక ఫిర్యాదులో ఒక్క తప్పే రాయాలి. రెండు తప్పులుంటే రెండు ఫిర్యాదులు. పంపేముందు చిట్టాలో వెతకాలి. ఇంకెవరైనా ముందే రాసి ఉంటే మళ్ళీ రాయకుండా, మన దగ్గర కొత్త వివరం ఉంటే అక్కడే చేర్చాలి.

6. తప్పు ఎవరిది?

ఫిర్యాదు మూసివేసిన తర్వాత ఆ విరిగిన అక్షరాల సంగతి మళ్ళీ మొదటినుంచి చూశాను. ఈసారి ఒక వరుస పెట్టుకున్నాను. అదే పేజీని విడుదలైన ఫైర్‌ఫాక్స్‌లో తెరిచాను. అట్లాగే ఉంది. వేరే బ్రౌజరులో తెరిచాను. అక్కడా అట్లాగే ఉంది. నైట్లీలో కొత్త ప్రొఫైల్ పెట్టి చూశాను. మార్పు లేదు. ట్రబుల్‌షూట్ మోడ్‌లో చూశాను. దానిలో మనం అదనంగా తగిలించిన ఆడ్-ఆన్లు పనిచేయవు. అయినా అంతే. చివరికి ఆ పేజీ సొంత ఫాంటును ఆపి, కంప్యూటరులో ఉన్న తెలుగు ఫాంటుతో చూపించమన్నాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి!

అంటే తప్పు బ్రౌజరుది కాదు. ఆ పేజీవాళ్ళు పెట్టుకున్న ఫాంటులో కొన్ని ఒత్తులు లేవు. నేను నెలపాటు తప్పుడువాణ్ణి నిందించాను. సిగ్గు వేసింది. సార్ మాత్రం, "తప్పు ఎవరిది కాదో తేల్చడం కూడా సగం పని" అన్నారు. ఇవన్నీ చూడకుండా ఫిర్యాదు రాయకూడదని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

7. ఏ రోజు నుంచి చెడింది?

కొన్ని తప్పులు పోయిన నెల ఉండవు, ఈ నెల ఉంటాయి. మధ్యలో ఏదో ఒక రోజు చేసిన మార్పు వల్ల చెడిందన్నమాట. ఆ రోజు ఏదో చెప్పగలిగితే ఇంజనీరు పని చాలా తగ్గుతుంది. నైట్లీ రోజూ తయారవుతుంది కాబట్టి పాతవన్నీ భద్రంగా ఉంటాయి.

64 రోజులు అనుకుందాం. ఒక్కొక్కటి నడిపి చూడాలంటే 64 సార్లు. కానీ మనం ఆడే అంకె ఆట గుర్తుందా? "1 నుంచి 64 లోపల ఒక అంకె అనుకున్నాను, చెప్పుకో." తెలివిగలవాడు మొదట 32 అంటాడు. ఎక్కువా తక్కువా అని అడుగుతాడు. ప్రతిసారీ సగం పోతుంది. 64, 32, 16, 8, 4, 2, 1. ఆరు ప్రశ్నల్లో తేలిపోతుంది. ఇక్కడ కూడా అంతే. మధ్య రోజు నైట్లీ తెరిచి చూడాలి. బాగుంటే తప్పు ఆ తర్వాత వచ్చింది, చెడి ఉంటే ఆ లోపలే వచ్చింది. దీనికోసం మొజ్‌రిగ్రెషన్ అనే పనిముట్టు ఉంది. అది ఒక్కొక్క నైట్లీని తెచ్చి చూపిస్తుంది. మనం "బాగుంది", "బాగాలేదు" అని చెబితే చాలు. అయితే పెద్ద పెద్ద ఫైళ్ళు డౌన్‌లోడ్ అవుతాయి. మన స్కూలు నెట్ మీద సార్ అనుమతితోనే చేయాలి.

లెక్కల సార్ ఇది విని, లాగరిథం ఎందుకు నేర్చుకోవాలని అడిగేవాళ్ళకు ఇదే జవాబు అన్నారు.

8. జాగ్రత్తలు

* బగ్‌జిల్లాలో రాసినది అందరికీ కనబడుతుంది. తెర ఫొటోలో మన పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, మార్కుల మెమో పడకుండా చూసుకోవాలి.
* నైట్లీ, బీటా వాడితే, అవి ఎట్లా నడుస్తున్నాయనే సాంకేతిక సమాచారం మొజిల్లాకు దానంతట అదే వెళ్తుంది. వద్దనుకుంటే సెట్టింగుల్లో ఆపవచ్చు. అది తెలిసి వాడాలి.
* బ్యాంకు పని, స్కాలర్‌షిప్ ఫారం, అడ్మిషన్ ఫారం నైట్లీలో చేయవద్దు. ఎందుకో పైన రాశాను!
* దొంగలకు పనికివచ్చే తప్పు, అంటే ఒకరి రహస్యాలు ఇంకొకరికి చిక్కే తప్పు దొరికితే పదిమందికీ చెప్పకూడదు. ఫిర్యాదులో "భద్రతకు సంబంధించినది" అని గుర్తు పెడితే బాగయ్యేదాకా దాన్ని బయటివాళ్ళకు కనబడకుండా ఉంచుతారు. అట్లాంటివి పట్టినవాళ్ళకు 2004 నుంచి మొజిల్లా బహుమతి ఇస్తోంది. 2010లో అమెరికాలోని శాన్ హోసే నగరంలో 12 ఏళ్ళ అబ్బాయి ఒకడు ఫైర్‌ఫాక్స్‌లో అట్లాంటి తప్పు పట్టి 3,000 డాలర్లు అందుకున్నాడు. మన ఏడో తరగతి తమ్ముళ్ళ వయసు!
* మర్యాదగా రాయాలి. అవతల ఉన్నది కూడా మనిషే. ప్రశ్న అడిగితే మనల్ని అనుమానించినట్లు కాదు, మన మాట పట్టించుకున్నట్లు.

9. మనమే ఎందుకు?

ఇది చదివి, "అమెరికా వాళ్ళ బ్రౌజరుకు మనం ఊడిగం చేయాలా? మనకు ఏం వస్తుంది?" అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న.

ఫైర్‌ఫాక్స్ తెలుగులో కూడా ఉంది. మెనూలు తెలుగులో వస్తాయి. ఇష్టం కొద్దీ పనిచేసే తెలుగువాళ్ళు పాంటూన్ అనే చోట ఒక్కొక్క మాట అనువాదం చేశారు. అందులో మాట తప్పు పడితే, పెట్టెలో పట్టక సగం తెగిపోతే, తెలుగు చదవగలిగినవాడికే కనబడుతుంది.

ఇంకా లోపలికి పోదాం. మన హాస్టల్లో గోండి మాట్లాడే మిత్రులు ఉన్నారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి లిపి, 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికి ఒక ఏడాది ముందు, 2017లో, మసరాం గోండి లిపి చేరింది. సవర భాష కోసం మంగెయి గొమాంగో 1936లో చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో చేరింది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని అక్షరాలన్నింటికీ ఒక్కొక్క నంబరు ఇచ్చిన పట్టిక. అందులో చోటు దొరకడం ఒక మెట్టు. ఆ అక్షరాలకు ఫాంటు ఉండటం రెండో మెట్టు. అది లేకపోతే ఖాళీ డబ్బాలు కనబడతాయి. ఫాంటులో ఉన్న అక్షరాలను, గుణింతాలను బ్రౌజరు సరైన చోట కూర్చడం మూడో మెట్టు.

ఆ మూడో మెట్టు సరిగా ఉందో లేదో ఎవరు చెప్పాలి? కోట్లమంది చదివే తెలుగులోనే "జ్ఞా" అంత గొడవ చేసింది. కొద్దిమంది చదివే లిపిలో ఒక గుణింతం పక్కకు జరిగితే ఎక్కడో కూర్చున్న ఇంజనీరుకు అది తప్పని కూడా తెలియదు. చూసి, సరే, ఈ లిపి ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకుంటాడు. ఆ తప్పు వడ్డనలోకి పోతుంది. తర్వాత చదువుకునే మన చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఆ తప్పు రూపమే అసలు రూపం అనుకుంటారు. ఇది ఎవరో చెడ్డవాళ్ళు చేసేది కాదు. రుచి చూసేచోట మనవాళ్ళు ఎవరూ లేకపోవడం వల్ల జరిగేది.

మెస్ కమిటీలో పిల్లలు ఇద్దరు ఉండాలని ఎందుకు పెట్టారు? తినేది మనం కాబట్టి. ఇదీ అంతే.

నేను ఇప్పటిదాకా పెద్ద బగ్ ఏదీ పట్టలేదు. నిజం చెప్పాలంటే చిన్నది కూడా పట్టలేదు. నా పేరు మీద ఉన్నవి మూసివేసిన ఫిర్యాదు ఒకటి, ఊడ్చిన ల్యాబు ఒకటి. కానీ ఇప్పుడు ఒక తప్పు కనబడితే "బాగాలేదు" అని ఊరుకోను. ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా, ఏది కావాలి అని చూస్తాను. రెండో అంతస్తు చివరి నల్లా సంగతి నేను తిరగ రాసిన రెండో రోజే ప్లంబరు వచ్చి వాల్వు మార్చి వెళ్ళాడు. అప్పటిదాకా అదే పుస్తకంలో "నీళ్ళు వస్తలేవు" అని నాలుగుసార్లు రాసి ఉంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత గంటసేపు ఆ మూల కంప్యూటరు దగ్గర ఉంటాను. సార్ ఒప్పుకున్నారు. గోండి లిపి చదవగలిగిన మిత్రులు, లేదా ఇంట్లో చదివే తాతలు ఉన్న మిత్రులు తప్పక రావాలి. కంప్యూటరు రాకపోయినా ఫరవాలేదు. అక్షరం సరిగా ఉందో లేదో చెప్పగలిగితే చాలు.

తప్పులుంటే మన్నించి, ఈ చార్టు కిందనే పెన్సిలుతో రాయగలరు. అయితే మిత్రులారా, "బాగాలేదు" అని మాత్రం రాయకండి. ఏ భాగంలో, ఏ వాక్యం, ఎట్లా ఉండాలో రాయండి!

ఇక సెలవు.